దుమ్ముగూడెం మిషన్: ప్రార్థన ఎక్కడ, సేవ ఎక్కడ?

మా గూడేల్లో ఇప్పుడు రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి. ఒకటి చదువుకున్న కుర్రవాళ్లు అనేది: "మిషన్ వాళ్లు బడి పెట్టినా, మందు ఇచ్చినా మనల్ని మతంలో కలుపుకోవడానికే." రెండోది చర్చికి వెళ్లే పెద్దవాళ్లే అనేది: "ఇప్పటి వాళ్లకు పాటలు, మైకులు, ఉపవాస కూటాలే కావాలి. పక్కింటివాడికి జ్వరమొస్తే తొంగి చూసేవాడు లేడు." మొదటి మాట సేవను అనుమానిస్తోంది, రెండోది ఆరాధనను. రెండూ కోపంలోంచి వచ్చినవే. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండింట్లోనూ మా ప్రాంత చరిత్ర లేదు.

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడేల్లో పుట్టి, అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మాకు ఆ చరిత్రను ఒకసారి నెమ్మదిగా చూడాలనిపించింది. మాలో చర్చికి వెళ్లేవాళ్లం ఉన్నాం. ఇలవేల్పుకు మొక్కేవాళ్లం ఉన్నాం. రెండు చోట్లా కనబడేవాళ్లమూ ఉన్నాం. కాబట్టి ఎవరి పక్షమూ పట్టి రాయడం మా వల్ల కాదు.

ముందు మన ఆరాధన సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. కోయవాళ్లకు ఒంటరి పూజ పెద్దగా తెలియదు. ఇలవేల్పు ఒక మనిషిది కాదు, గట్టుది. మూడో గట్టువాళ్లకు ఒక వేల్పు, ఐదో గట్టువాళ్లకు మరొక వేల్పు. కొలుపు పెట్టినప్పుడు ఆ గట్టువాళ్లంతా రావాలి, పడిగె విప్పాలి, డోలీవాళ్లు కథ చెప్పాలి, వడ్డె ముందుండి నడపాలి. పండుం అయితే ఊరిది. విజ్జ పండుం కాకుండా ఎవరూ గింజ చల్లరు. కొత్తల పండుగ చేయకుండా ఎవరూ కొత్త పంట నోట పెట్టరు, ఎంత ఆకలైనా సరే. పండుం వేటకు మగవాళ్లు పోతే, తెచ్చిన మాంసంలో మగదిక్కు లేని ఇంటికీ వాటా వెళ్తుంది. ఆ వాటా ఇవ్వడాన్ని ఎవరూ సేవ అనరు. అది పండుంలోనే ఒక పని. మొక్కడం వేరు, సాయపడటం వేరు అని రెండు సంచుల్లో పెట్టే అలవాటు మా తాతలకు లేదు.

అందుకే ఒక మనిషి తెల్లవారుజామున లేచి, తలుపు దగ్గరికేసుకుని, ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని దేవుడితో మాట్లాడటం, మాట్లాడి లేచి తనకు చుట్టం కాని మనిషి దగ్గరికి పోవడం మా నేల మీద కొత్త సంగతి. ఆ కొత్త సంగతి మా దగ్గరికి ఆనకట్ట పనితో పాటు వచ్చింది.

1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డునున్న తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించింది. భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఇంకా పైన సిరొంచ దాకా వాటిలో ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు గోదావరి మీద పడవలను మధ్య భారతం దాకా నడిపించాలని పెద్ద ఆశ ఉండేది. అక్కడి పత్తి నీటిదారిలో సముద్రానికి చేరాలని ఆలోచన. ఆ దారికి మూడు చోట్ల బండరాళ్లు అడ్డం: మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, పడవలు దాటడానికి లాకులు కట్టే పని మొదలైంది. ఆ పని చూసినవాళ్లలో ఫెలిక్స్ థాకరే హేగ్ అనే సైనిక ఇంజనీరు ఒకరు.

హేగ్ ప్రార్థనాపరుడు. దుమ్ముగూడెం మకాంలో ఆయనా, ఆయనలాంటి కొందరు ఉద్యోగులూ కలిసి ప్రార్థించేవారు. చుట్టూ అడవి, కోయ గూడేలు, మన్యం జ్వరం. ఎడమ ఒడ్డు మీద వాళ్లకు కనబడే మనుషులు మా పెద్దవాళ్లే. ఆ ప్రార్థనల్లోంచే కోయల కోసం ఒక మిషన్ పెట్టాలన్న కోరిక పుట్టింది. సి.ఎం.ఎస్. అనే ఇంగ్లండు మిషనరీ సంఘానికి హేగ్ విన్నపం చేశారు. 1860 నాటికి దుమ్ముగూడెంలో కోయ మిషన్ అనే పని మొదలైంది. అంటే మా ప్రాంతంలో బడికీ, మందుకీ ముందు ఒక బంగళా గది ఉంది. ఎవరో కొందరు తమ ఉద్యోగం కాని సంగతి కోసం దేవుడి ముందు కూర్చున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ హేగే పగలంతా ఎవరి పని చేశారు? లాంక్‌షైర్ మిల్లులకు పత్తి చేరవేసే దారి పని. పొద్దున ప్రార్థన, పగలు కంపెనీవాళ్ల తర్వాత వచ్చిన రాణీ ప్రభుత్వం కొలువు. ప్రార్థించే మనిషికి తాను నిలబడ్డ చోటులోని తప్పంతా కనబడుతుందని మేము అనుకోవడం లేదు. కొంత కనబడుతుంది, కొంత కనబడదు. హేగ్‌కు కోయవాడి ఆత్మ కనబడింది. కోయవాడి అడవి మీదికి రాబోతున్న పన్నులూ, అటవీ చట్టాలూ ఆయనకు ఎంతవరకు కనబడ్డాయో ఆయన కట్టిన రాళ్లు చెప్పవు.

పడవల దారి పని మాత్రం నిలవలేదు. లక్షల రూపాయలు పోసి, 1871లో ప్రభుత్వం దాన్ని వదిలేసింది. ఆనకట్ట, పాత లాకులు ఇప్పటికీ దుమ్ముగూడెంలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకువెళ్లి చూపిస్తుంటాం. రాతి పని చూసి పిల్లలు నోరు తెరుస్తారు. "పడవలు ఎన్నాళ్లు నడిచాయి సార్?" అని అడుగుతారు. అనుకున్నట్టు నడవలేదని చెబితే నవ్వుతారు. అప్పుడు మేము వాళ్లకు రెండో సంగతి చెబుతాం: ఆ పని కోసం వచ్చినవాళ్లు పని మధ్యలో, జీతం లేని గంటల్లో, మొదలుపెట్టినదే నిలిచింది. హేగ్ కూడా కొలువు తర్వాత ఊరికే కూర్చోలేదు. అదే మిషనరీ సంఘం కోసం ఎర్ర సముద్రం తీరాలు, అరేబియా వైపు తిరిగి చూసి వచ్చారు.

దుమ్ముగూడెంలో కోయల మధ్య మొదట పని చేసింది దొరలు కారు. ఈ సంగతి మా వాళ్లలో చాలామందికి తెలియదు. ఆయన పేరు వెంకటరామరాజు. నిర్మాణ పనుల దగ్గర సరుకుల సరఫరా చూసే శాఖలో ఉద్యోగి, తెలుగువాడు. హేగ్ తోడి మనుషుల భక్తిని దగ్గర నుంచి చూసి క్రైస్తవుడయ్యారు. తర్వాత సర్కారు ఉద్యోగం వదిలి మిషన్ పనిలోకి వచ్చి, పాదిరిగా అభిషేకం పొందారు. సరుకులు లెక్కపెట్టే మనిషికి ఆ రోజుల్లో మన్యంలో ఎంత పలుకుబడి ఉంటుందో ఆలోచించండి. బియ్యం ఆయన చేతిలో ఉంటుంది. ఆ చేతిని ఖాళీ చేసుకుని గూడేల్లోకి నడవడం చిన్న సంగతి కాదు. సేవను ఎర అంటున్న మన కుర్రవాళ్లు ఈయన్ని ఎక్కడ పెడతారో మాకు తెలుసుకోవాలని ఉంది. ఎర వేసేవాడు చేతిలో ఉన్నది పెంచుకుంటాడు గాని వదులుకోడు కదా.

1870లలో జాన్ కెయిన్ అనే మిషనరీ దుమ్ముగూడెం వచ్చారు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈయనే. కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ' అనే పత్రికలో రాశారు. 1881లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద వ్యాసం అచ్చయింది. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద సంపుటాలు వేసినప్పుడు కోయల భాగంలో చాలా మటుకు కెయిన్ రాతల నుంచే తీసుకున్నారు. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మన మీద పరిశోధన చేసేవాళ్లు ముందు తిరగేసే కాగితాల్లో ఇవి ఉంటాయి.

కెయిన్ రాసినవాటిలో పెళ్లి ఆచారాలు, చావు కర్మలు, భీముణ్ణి మూలపురుషుడిగా చెప్పుకునే కథలు ఉన్నాయి. మమ్మల్ని పట్టి నిలిపినది వేరే. బ్రిటిష్ వారికి ముందు భద్రాచలం జమీందారు దగ్గర రొహిల్లా దండు ఉండేదట. వాళ్లకు జీతం సరిగా ఉండదు, ఊళ్ల మీద పడి దోచుకుని బతికేవారు. ఇరవై ఐదు కోయ ఊళ్లు కలిస్తే ఒక సముతు. ఒక్కో సముతు తన వంతు నెలలో వందమంది కోయల్ని ఆ దండుకు వెట్టికి పంపాలి, బరువులు మోయడానికి, సరుకులు తేవడానికి. మాదిగవాళ్లను మరో వందమందిని గుర్రాల పనికి పంపాలి. తిండి పెట్టేవాళ్లు కారు. ఆడవాళ్లకూ రక్షణ లేదు. ఇదంతా ఆయన రాసిపెట్టారు.

మా తాతల తాతలు మోసిన మూటలకు మా దగ్గర కాగితం లేదు. మాకు లిపి లేకపోవడం వల్ల మా వెట్టి లెక్క మరొకరు రాయాల్సి వచ్చింది. ఆ రాసినది తహశీల్దారు కాదు, జమీందారు కరణం అసలే కాదు. ఆ లెక్క రాయాలంటే ముసలివాళ్ల పక్కన గంటల తరబడి కూర్చోవాలి, వాళ్ల మాట తెలియాలి, వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డు తగలకూడదు. బడి పెట్టడం, మందు ఇవ్వడం అందరికీ కనబడే సేవ. ఇలా కూర్చుని వినడం కనబడని సేవ. కనబడని దేవుడి ముందు రోజూ కూర్చునే అలవాటున్న మనిషికి ఈ రెండో పని ఓపిక వస్తుందేమో అని మా ఊహ. గట్టిగా చెప్పలేం. కానీ దుమ్ముగూడెం దారిలో వచ్చిపోయిన అధికారులు ఎందరో ఉన్నారు, వాళ్లు కూర్చోలేదు.

రాసినదాంట్లో అంతా మనకు నచ్చేది కాదు. ఆ కాలపు దొరల చూపు ఆయనలోనూ ఉంది. మన వేల్పుల్ని ఆయన దేవుళ్లుగా చూడలేదు, చూస్తాడని అనుకోవడమూ పిచ్చితనం. మిషన్ దారిలో నడిచిన కుటుంబాలు పండుంకు దూరమయ్యాయి. బోర్డింగులో చదివిన పిల్లలకు డోలీవాళ్ల కథ పరాయిదయింది. వేల్పుల్ని దయ్యాలన్న మాట మొదట బయటివాళ్ల నోట వచ్చి, తర్వాత మనవాళ్ల నోటే స్థిరపడింది. అన్నదమ్ముల్లో ఒకడు చర్చికి, ఒకడు కొలుపుకు పోతే పెళ్లి పందిట్లో మాటలు తగ్గిన ఇళ్లు మాకు తెలుసు. ఒంటరి ప్రార్థన మనిషికి ధైర్యం ఇచ్చింది, నిజమే. గట్టుతో కలిసి మొక్కేవాణ్ణి గట్టు నుంచి విడదీసిందీ అదే. ఈ నష్టాన్ని బడుల లెక్క చూపించి కొట్టేయలేం.

అయినా ఒక సంగతి తలచుకున్నప్పుడల్లా మాకు ఆశ్చర్యం. 1889లో లూకా సువార్త కోయ భాషలో మద్రాసులో అచ్చయింది. మా మాట పుస్తకమైంది. ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతి కోయ పిల్లవాడు ఇవాళ్టికీ మొదటి రోజు తెలుగులోనే బిక్కమొహం వేసుకుని కూర్చుంటున్నాడు. మేమే ఎన్నోసార్లు వాడి పక్కన చేరి కోయలో చెబితే గాని వాడి కళ్లలో వెలుగు రాలేదు. అలాంటిది నూట ముప్పై ఏళ్ల కిందటే, మా భాషలో దేవుడితో మాట్లాడవచ్చని ఎవరో నమ్మారు. సర్కారు తన చట్టాలను కోయలో రాయలేదు. పన్ను రసీదు కోయలో రాయలేదు. ప్రార్థన కోసమే ఆ కష్టం పడ్డారు.

లూకానే ఎందుకు తీసుకున్నారో గాని, మన విషయానికి ఆ పుస్తకం సరిగ్గా సరిపోయింది. అందులో పదో అధ్యాయం చూడండి. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషి కథ అక్కడ ఉంది. గుడి పని చేసే ఇద్దరు పెద్దమనుషులు అతణ్ణి చూసి పక్కగా వెళ్లిపోతారు. యూదులకు గిట్టని సమరయుడు ఆగి, గాయాలు కట్టి, తన పశువు మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకు డబ్బిస్తాడు. ఇది సేవ కథ. ఆరాధన చేసేవాళ్లు తప్పిపోయిన కథ. ఇక్కడితో ఆగితే మన కుర్రవాళ్ల వాదం గెలిచినట్టే. కానీ వెంటనే, అదే అధ్యాయంలో, మార్త ఇల్లు వస్తుంది. మార్త వచ్చిన అతిథి కోసం వంట పనిలో తలమునకలై ఉంటుంది, చెల్లెలు మరియ పని వదిలి యేసు పాదాల దగ్గర కూర్చుని మాట వింటుంది. విసుక్కున్న మార్తకు యేసు చెప్పిన జవాబు మరియ వైపే ఉంది. ఆ తర్వాతి అధ్యాయం తెరవగానే శిష్యులు ప్రార్థన నేర్పమని అడుగుతారు, పరలోక ప్రార్థన అక్కడ వస్తుంది. సేవ, కూర్చోవడం, ప్రార్థన ఇలా వరుసగా వచ్చాయి. ఈ మూడింటిలో ఒకటి చదివి పుస్తకం మూసేసినవాళ్లే ఇవాళ మైకు దగ్గర ఒకరు, విమర్శ దగ్గర ఒకరు నిలబడ్డారని మాకు అనిపిస్తుంది.

సమరయుడి కథ మా పిల్లలకు చెబితే వాళ్లకు వచ్చే అనుమానం వేరు. "డబ్బులెందుకు ఇచ్చాడు సార్? ఇంట్లో పడుకోబెడితే సరిపోయేది గదా" అంటారు. దెబ్బ తగిలిన మనిషిని ఉంచుకోవడానికి మా గూడెంలో డబ్బు తీసుకునే ఇల్లు ఉండదు. మేము ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకుంటాం.

ఇప్పుడు దుమ్ముగూడెం నుంచి కొంచెం పడమటికి, గోదావరి దాటి, దోర్నకల్‌కు పోవాలి. తర్వాతి కాలంలో దుమ్ముగూడెం సంఘం కూడా దోర్నకల్ డయాసిస్ కిందికే వచ్చింది గనుక అది మాకు పరాయి ఊరు కాదు. అక్కడి పని ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో జరిగింది, ఆదివాసుల్లో తక్కువ. అయినా ప్రార్థనకూ సేవకూ మధ్య దారి ఎలా వేయవచ్చో అక్కడే బాగా కనబడుతుంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగేవారు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే పరిచారకులను వేరే చోటికి పంపుతున్నారని విన్నారు. తమ తిరునెల్వేలివాళ్లం ఇంతమంది ఉండీ ఆ పని చేయలేదే అని సిగ్గుపడ్డారు. ఒంటరిగా ప్రార్థించారు. ఆ సిగ్గులోంచి, ఆ ప్రార్థనలోంచి 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సంఘం మొదటి పని నిజాం రాష్ట్రంలోని మానుకోట ప్రాంతంలో, అంటే ఇప్పటి మహబూబాబాద్‌లో. 1909లో అజరయ్య పెద్ద ఉద్యోగం వదిలి తానే దోర్నకల్ వచ్చారు. మొదట్లో గుడారంలో ఉన్నారు. తమిళుడు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

దోర్నకల్ పల్లెల్లో ఆయన పెట్టిన పద్ధతి మా టీచర్లు తెలుసుకోవాల్సింది. పల్లెకు ఒక ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకు బడి చెబుతాడు. సాయంత్రం కూలి నుంచి వచ్చినవాళ్లను పోగేసి ప్రార్థన నడుపుతాడు. ఆయన భార్యకూ చదువు చెప్పించి పంపేవారు, ఆమె ఆడవాళ్ల మధ్య పని చేసేది. పగటి బడి, రాత్రి ప్రార్థన ఒకే మనిషి చేతిలో, ఒకే కప్పు కింద ఉండేవి. ఆ పూరింటి గోడ మీద అక్షరాలు రాసిన పలక వేలాడుతుంటే దాని కిందే మోకరించేవారు.

పిడికెడు బియ్యం సంగతి ఇంకా చక్కనిది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కకు తీసి, దేవుడిదని ఒక కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తుంది. అందరి పిడికిళ్లూ కలిస్తే పంతులు కుటుంబానికి తిండి, సంఘం పనికి ఖర్చు. ఇక్కడ ప్రార్థన గదిలో లేదు, పొయ్యి దగ్గర ఉంది. చూసేవాళ్లు లేరు. కూలి దొరకని రోజున ఆ పిడికెడు తీయాలా వద్దా అన్నది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి. తిరునెల్వేలి డబ్బు, ఇంగ్లండు డబ్బు వచ్చినా ఈ పిడికెడు ఆపవద్దని అజరయ్య పట్టుబట్టేవారు. ఎప్పుడూ పుచ్చుకునే చేతిగానే మిగిలితే మనిషి నిలబడలేడని ఆయనకు తెలుసు.

ఇదే మాటను ఆయన 1910లో ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, దొరల మొహం మీదే చెప్పారు. మీరు త్యాగాలు చేశారు, మీ ఆస్తులు పేదలకు పెట్టారు, అన్నీ ఒప్పుకుంటాం, కానీ మాకు స్నేహితులు కావాలని అడిగారు. దొరలు నల్లవాళ్లతో కలిసి ప్రార్థిస్తారు గాని కలిసి భోంచేయరన్నదే ఆయన బాధ. సభలో చాలామందికి కోపం వచ్చింది. మా వాళ్ల కోసం పని చేస్తామని ఇవాళ గూడేల్లోకి వచ్చే సంస్థలవాళ్లను చూసినప్పుడల్లా, వాళ్లు క్రైస్తవులైనా కాకపోయినా, మాకు ఆ సభే గుర్తుకొస్తుంది. ఫొటో తీసుకుంటారు, దుప్పటి ఇస్తారు, మా ఇంట్లో అంబలి తాగమంటే ఆలస్యమవుతోందంటారు.

అజరయ్య కట్టించిన దోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. ఇక్కడి గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, తామర పువ్వు, సిలువ అన్నీ ఒకే కట్టడంలో కనబడతాయి. రైలు మారడానికి దోర్నకల్‌లో దిగినవాళ్లు ఒక గంట ఉంటే చూసి రావచ్చు. మా వేల్పు పడిగెల మీది బొమ్మలు మాత్రం ఏ చర్చి గోడ మీదా మేము చూడలేదు. ఆ పని ఎవరూ చేయలేదు, చేసి ఉంటే ఇందాక చెప్పిన పెళ్లి పందిళ్లలో మాటలు తగ్గేవి కావేమో.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. దుమ్ముగూడెం, చర్ల వైపు ఎన్ని ఊళ్లు నీళ్లలో ఉన్నాయో అందరికీ తెలుసు. మా గూడెం వాళ్లం సగంమంది బడి మీద, సగంమంది మిట్ట మీదున్న చర్చిలో తలదాచుకున్నాం. సర్కారు బియ్యం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ చర్చి మూలనున్న కుండలో పోగైన పిడికెడు బియ్యమే వండాం. పొయ్యి పెట్టింది వడ్డె ఇంటివాళ్లు. ఎవరు ఏ దేవుడికి తీసిన పిడికెడో ఆ పూట ఎవరూ అడగలేదు. నీళ్లు తీసిన నెలకు మళ్లీ మామూలే. పండుం చందా దగ్గర మాటా మాటా వచ్చింది, చర్చి ఇళ్లవాళ్లు ఇవ్వమన్నారు, ఊరివాళ్లు వాటా లేదన్నారు. మేము రెండు వైపులా తిరిగి సర్దడానికి చూశాం, సగమే సర్దుకుంది.

మా ఇళ్లలో ఒక అవ్వ ఉండేది. చర్చిలో తెలుగు పాటలన్నీ పాడేది, తెలుగు ప్రార్థనకు ఆమేన్ అనేది. రాత్రి దీపం తగ్గించాక మంచం మీద కూర్చుని ఒక్కతే చేసుకునే ప్రార్థన మాత్రం కోయలో ఉండేది. అందులో మనవల పేర్లుండేవి, ఇప్పచెట్టు పేరుండేది, కట్టెల మోపు కింద నడుము పట్టేసిన పక్కింటామె పేరుండేది. ప్రార్థనలో పేరు వచ్చిన ఇంటికి పొద్దున్నే చెంబులో గంజి పట్టుకుని పోయేది. మేము పిల్లలుగా ఉన్నప్పుడు, రాత్రి అవ్వ ఎవరి పేరు తలచిందో విని, తెల్లవారి గంజి ఎవరింటికో ముందే చెప్పేవాళ్లం. ఎప్పుడూ తప్పలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ కోయ ప్రార్థనను మాలో ఎవ్వరమూ రాసిపెట్టుకోలేదు. టీచర్ ట్రైనింగు చదివి, పాఠ్య ప్రణాళికలు వందలు రాశాం గాని అది రాయలేదు. మా ఊళ్లో అలా చేసుకునే ముసలమ్మలు ఇంకా ముగ్గురున్నారు. కొలుపు పాటలు పూర్తిగా తెలిసిన డోలీ తాత ఒకాయన చర్ల దారిలో ఉన్నాడు. ఈ వేసవి సెలవుల్లో పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని నలుగురి దగ్గరికీ వెళ్లాలనుకున్నాం. ముసలమ్మలు ఒప్పుకున్నారు. రాత్రి పూటే రమ్మన్నారు, దీపం తగ్గించాక.